రెండర్‌డాక్: దోషాన్వేషణ పద్ధతి, కాలగణన పరిమితులు – విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక:

ప్రోగ్రామ్‌ను ఒక పంక్తి దగ్గర ఆపి, ఆ క్షణంలో చలరాశుల విలువలను పరిశీలించడం సాధారణ సాఫ్ట్‌వేర్‌లో దోషాన్వేషణకు చిరకాలంగా ఉన్న మార్గం. గ్రాఫిక్స్ అనువర్తనాలకు ఈ మార్గం నేరుగా అక్కరకు రాదు. సీపీయూ ఆదేశాలను సిద్ధంచేసి వరుసలో ఉంచుతుంది. జీపీయూ వాటిని కొంత ఆలస్యంగా, తన క్రమంలో అమలు చేస్తుంది. సీపీయూ వైపు ప్రోగ్రామ్ ఆగినంత మాత్రాన జీపీయూ అప్పుడు ఏ పనిలో ఉన్నదో తెలియదు. పైగా 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. తెర మొత్తాన్ని నింపే ఒక్క ఆదేశంతో షేడర్ అన్నిసార్లు నడుస్తుంది. తెర నల్లగా మిగిలితే కారణం కెమెరా మాత్రికలో ఉండవచ్చు, లోతు పరీక్షలో ఉండవచ్చు, జతచేయడం మరచిన టెక్స్చర్‌లో ఉండవచ్చు. అన్నింటి ఫలితమూ ఒకే నలుపు.

ఈ చిక్కుకు జవాబుగా వచ్చిన సాధనాలలో అధ్యయనానికి అనువైనది రెండర్‌డాక్. బాల్డర్ కార్ల్‌సన్ క్రైటెక్ సంస్థలో పనిచేస్తున్న కాలంలో దీనిని నిర్మించారు. 2014లో ఇది ఎంఐటీ లైసెన్సుతో మూలసంకేతం సహా వెలువడింది. వల్కన్, ఓపెన్‌జీఎల్, డైరెక్ట్3డీ 11, 12లతో ఇది పనిచేస్తుంది. గ్రాఫిక్స్ బోధన సాగే తరగతులలో దీనికి దక్కిన చోటు న్యాయమైనదే. అయితే ఇది చూపేదేమిటో, చూపలేనిదేమిటో విడదీయకుండా దీని అంకెలను పరిశోధనలో సాక్ష్యంగా వాడే ధోరణిని ప్రశ్నించక తప్పదు.

ఫ్రేమ్ ప్రతి – పిక్సెల్ చరిత్ర:

రెండర్‌డాక్ అనువర్తనానికీ గ్రాఫిక్స్ ఏపీఐకీ మధ్య నిలిచి, కోరిన ఒక ఫ్రేమ్‌లోని పిలుపులన్నింటినీ, వాటికి కావలసిన బఫర్లు, టెక్స్చర్ల ఆరంభస్థితితో సహా ఒక ఫైలులో భద్రపరుస్తుంది. తరువాత ఆ ఫైలును తానే మళ్లీ నడుపుతుంది. వాడుకరి ఏ ఆదేశం దగ్గర కావాలంటే అక్కడ ఆగి, అంతవరకు గీసిన బొమ్మను చూడగలడు.

ఇందులో అత్యంత విలువైనది పిక్సెల్ చరిత్ర. ఒక పిక్సెల్‌ను ఎంచుకుంటే, దానిని తాకిన ఆదేశాలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఏది రంగు మార్చింది, ఏది లోతు పరీక్షలో ఓడింది, ఏది వెనుక ముఖమని తొలగిపోయింది అన్నది తెలుస్తుంది. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఒక పాఠభేదం ఏ లేఖకుని చేతిలో ప్రవేశించిందో ప్రతులను పోల్చి తేల్చే పనికి ఇది దగ్గరిది. తేడా ఒకటే: ఇక్కడ ప్రతులన్నీ లభ్యం.

కానీ ఆ మాట ఫ్రేమ్ సరిహద్దు లోపలే చెల్లుతుంది. తెలుగు లిపినే తీసుకుంటే, ‘స్త్రీ’ అన్న ఏకాక్షరంలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. వాటిని ఒత్తులతో కూడిన రూపంగా మలిచే పని హార్ఫ్‌బజ్ వంటి గ్రంథాలయం సీపీయూ మీద చేస్తుంది. ఆ ఏర్పాటు లేని ఆటలో అక్షరం హలంత చిహ్నాలతో విరిగి కనబడుతుంది. ఆ ఫ్రేమ్‌ను రెండర్‌డాక్‌లో తెరిస్తే చతురస్రాలు సరైన చోటనే ఉంటాయి, అక్షరరూపాల టెక్స్చర్ సరిగానే ఉంటుంది, షేడర్‌లోనూ లోపం ఉండదు. దోషం జీపీయూ దాకా రాకముందే జరిగిపోయింది. సాధనం ‘అంతా సరిగ్గానే ఉంది’ అన్నప్పుడు దానిని ‘ఇక్కడినుంచి సరిగ్గానే ఉంది’ అని చదువుకోవాలి.

రెండవ పరిమితి సూక్ష్మమైనది. వల్కన్‌లో ఒక పని పూర్తయ్యాకే మరొకటి దాని ఫలితాన్ని చదవాలన్న కట్టడిని ప్రోగ్రామరే విధించాలి. ఆ కట్టడి మరిస్తే బొమ్మ అప్పుడప్పుడు చెదురుతుంది. పునఃప్రదర్శనలో మాత్రం సాధనం కోరిన ఆదేశం దగ్గర ఆగి, జీపీయూ పని ముగిసేదాకా వేచి, ఫలితాన్ని చూపుతుంది. ఆ నిరీక్షణ తప్పిపోయిన కట్టడి స్థానాన్ని భర్తీ చేయగలదు. అప్పుడు దోషం మాయమవుతుంది. ఇటువంటి వాటికి క్రోనోస్ వారి ధ్రువీకరణ పొరలలోని సమకాలీకరణ తనిఖీయే తగిన మార్గం.

కాలం:

రెండర్‌డాక్ దోషాన్వేషణకే గాని ప్రొఫైలింగ్‌కు కాదని దాని పత్రాలే చెబుతాయి. అయినా ప్రతి ఆదేశం పక్కన మైక్రోసెకన్లను చూపే సౌకర్యం అందులో ఉంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. సెకనుకు 60 ఫ్రేముల లక్ష్యంలో ఒక ఫ్రేమ్‌కు దక్కేది సుమారు 16.67 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో జీపీయూ అనేక పనులను ఒకదానిపై ఒకటి పడేలా నడుపుతుంది. పునఃప్రదర్శనలో కొలిచిన అంకెకు ఆ అతివ్యాప్తితో సంబంధం ఉండదు. సీపీయూ ఆదేశాల కోసం జీపీయూ ఖాళీగా నిరీక్షించిన సమయం అందులో లేనేలేదు. వేగం కొరవడడానికి కారణం ఆ నిరీక్షణే అయితే, ఆదేశాల పట్టికను ఎంత శ్రద్ధగా చదివినా జవాబు దొరకదు.

మొబైల్‌లో ఈ లోపం మరింత లోతైనది. ఆండ్రాయిడ్ ఫోన్లలో విరివిగా కనిపించే మాలీ, అడ్రినో జీపీయూలు తెరను చిన్న పలకలుగా విభజించి గీయగలవు. ఒక దశలోని ఆదేశాల జ్యామితినంతా ముందుగా పలకలవారీగా పంచి, ఆపై ఒక్కొక్క పలకను పూర్తిచేస్తాయి. అలాంటప్పుడు ‘ఈ ఒక్క ఆదేశానికి ఇంత కాలం’ అనే భావనకే ఆధారం సన్నగిల్లుతుంది. అసలు ఖర్చు తరచుగా పలకలను జ్ఞాపకశక్తిలోకి రాయడం, తిరిగి చదవడం దగ్గర ఉంటుంది. ఆ బ్యాండ్‌విడ్త్‌ను చూపేది ఆర్మ్ సంస్థ స్ట్రీమ్‌లైన్, స్నాప్‌డ్రాగన్ ప్రొఫైలర్ వంటి సాధనాల హార్డ్‌వేర్ గణకాలే.

తయారీదారుల ప్రొఫైలర్లు ఈ లోటును తీరుస్తాయి గాని, ప్రతిదీ తన ఇంటి గడప దాటదు. ఎన్‌విడియా ఎన్‌సైట్ ఆ సంస్థ జీపీయూలనే లోతుగా కొలుస్తుంది. రేడియాన్ జీపీయూ ప్రొఫైలర్ ఏఎండీ వాటినే. గణకాల పేర్లు వేరు, నిర్వచనాలు వేరు. కాబట్టి ఒకదానిలో వచ్చిన శాతాన్ని మరొకదాని శాతంతో పక్కపక్కన పెట్టడం పోలిక అనిపించుకోదు. సాధనాల ఆయుష్షు కూడా తయారీదారు ఆసక్తి మీదనే ఆధారపడింది. స్వతంత్రంగా పుట్టిన జీడీబగ్గర్ ఏఎండీ చేతికి వెళ్లి, కోడ్‌ఎక్సెల్‌లో కలిసి, చివరకు ఆ కోడ్‌ఎక్సెల్ అభివృద్ధే నిలిచిపోయింది.

సిద్ధాంత గ్రంథంలో ‘ప్రతిపాదిత పద్ధతి ఇంత శాతం వేగవంతం’ అన్న వాక్యం కనబడినప్పుడు పరీక్షకుడు అడగవలసినవి ఇక్కడినుంచే పుడతాయి. కొలత నడుస్తున్న అనువర్తనంలో తీసినదా, పునఃప్రదర్శనలోనా? జీపీయూ గడియారవేగం స్థిరంగా ఉంచారా, లేక వేడిని బట్టి మారుతూ పోయిందా? డ్రైవర్ వెర్షన్ ఏది? ఒక ఫ్రేమా, వేల ఫ్రేముల విస్తరణా? సగటు బాగుండి, మధ్యమధ్య ఒక్కొక్క ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆడేవారికి కనిపించేది ఆ కుదుపే. ఫ్రేమ్ ప్రతిని గ్రంథానికి జతచేసే అలవాటు మాత్రం ప్రోత్సహించదగినది. జీపీయూలు పొసగినంత మేరకు దానిని మరొకచోట తెరిచి, బొమ్మ ఎలా ఏర్పడిందో అడుగడుగునా సరిచూడవచ్చు. వేగానికి సంబంధించిన అంకెలను సరిచూడాలంటే మాత్రం అనువర్తనాన్నే అదే పరికరంపై తిరిగి నడపవలసి ఉంటుంది.