బరువైనది పైకి తేలే చోటు

వినుకొండ నుంచి బొల్లాపల్లి వైపు వెళితే అగ్నిగుండాల, బండ్లమోటు కొండలు వస్తాయి. అక్కడ హిందుస్థాన్ జింక్ సీసం గని నడిపింది. ఇప్పుడది మూతపడింది. అయితే నేను మెచ్చుకునేది సీసాన్ని రాతినుంచి విడదీసే పనితనాన్ని.

డోలమైట్ రాతిలో అక్కడక్కడ గెలీనా అనే సీసపు ఖనిజం మెరుస్తుంది. దాని బరువులో 86 శాతానికి పైగా సీసమే. నీటికంటే ఏడున్నర రెట్లు సాంద్రం. అయినా నురగతో తేల్చే తొట్టిలో అదే పైకొస్తుంది, తేలికైన డోలమైట్ కింద మిగిలిపోతుంది! ఎంత అందమైన తిరకాసు!

ముందు రాతిని నీళ్లతో కలిపి పిండిలా నూరతారు. ఆ గుజ్జులో శాంథేట్ అనే మందు కాస్త వేస్తారు. దాని అణువులో ఒక కొస గెలీనాను పట్టుకుంటుంది, రెండో కొసకు నీరు గిట్టదు. అడుగునుంచి గాలి వదిలితే, నీరు గిట్టని రేణువులు బుడగలను అంటుకుని పైకి చేరతాయి. పైన్ నూనె లాంటిది ఆ బుడగలను వెంటనే పగలనివ్వదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల్లో ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

తొట్టి దగ్గర నిలబడే ఆపరేటర్ నైపుణ్యం ఇంకా గొప్పది. నురగ రంగు, బుడగల సైజు చూసి మందు ఎక్కువైందో, గాలి తగ్గిందో పసిగడతాడు. పళ్లెంలో కాస్త నురగ తీసి నీళ్లతో ఆడిస్తే, సీసపు బూడిదరంగు చార ఒకవైపు, తెల్లటి రాతిపొడి మరోవైపు విడిపోతాయి. తెలుపు ఎక్కువైతే వెంటనే వాల్వు సర్దుతాడు.