కల్లంలో చోటు

జీటీఏ శాన్ ఆండ్రియాస్ హైవే మీద ఒక పల్లెవెలుగు బస్సు పోతోంది. నుదుటి మీద 'నిజామాబాద్ – మెట్‌పల్లి' బోర్డు, కింద 'వయా ఆర్మూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి'. పది నిమిషాలు బాగానే నడిచింది. ఒక వంతెన దాటాక ముందున్న రోడ్డు మాయమైంది. చిత్రమేమిటంటే బస్సు కింద పడలేదు. కనిపించని రోడ్డు మీద టైర్లు మామూలుగానే తిరుగుతున్నాయి. ఇంకో నిమిషానికి ఇళ్లు పోయాయి, చెట్లు పోయాయి. చివరికి ఆటే పోయి డెస్క్‌టాప్ మిగిలింది.

మోర్తాడ్‌లో మా పక్కింటి పిల్లాడు చేసుకున్న బస్సు అది. వాళ్ల నాన్న దుబాయ్ నుంచి పంపిన ల్యాప్‌టాప్‌లో చేశాడు. "కాకా, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నది గద, మరెందుకు బందయితున్నది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం ర్యామ్‌లో లేదు. ఈ బాధను మాన్పడానికి ఎక్కడెక్కడివాళ్లో చేసిన మరమ్మతులు చూస్తుంటే, మంచి కంసాలి పని చూసినంత ముచ్చటేస్తుంది. వాటిలో కొన్నింటిని దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం.

ముందు ఆటను కట్టినవాళ్ల పనితనం చెప్పాలి. శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది, 2005 జూన్‌లో కంప్యూటర్లకు. ఆ ప్లేస్టేషన్‌లో ప్రధాన మెమొరీ మొత్తం 32 ఎంబీ. ఇప్పుడు ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియో ఒక్క నిమిషం అందులో పట్టదు. మూడు నగరాలు, మధ్యలో ఎడారి, కొండలు, అడవి అన్నీ ఆ ఇరుకులోనే నడిపించారు. బరాత్‌లో లైట్లు మోసేవాళ్లను చూశారు కదా. పెళ్లికొడుకు ఎక్కడుంటే వెలుగు అక్కడ, దాటి వచ్చిన వీధి మళ్లీ చీకటి. ఆటదీ అదే పద్ధతి. ఆటగాడి చుట్టూ ఉన్నది మాత్రమే డిస్క్ నుంచి మెమొరీలోకి వస్తుంది, వెనకబడింది పోతుంది. కంప్యూటర్ వెర్షన్‌లో ఈ రాకపోకలకు కేటాయించిన జాగా 50 ఎంబీ. అది నిండితే ఆట కొత్తవాటిని తెచ్చుకోలేదు. రోడ్డు బొమ్మ వేరు, రోడ్డు గట్టిదనం వేరు, రెండూ విడివిడిగా వస్తాయి. అందుకే బొమ్మ రాకపోయినా టైర్లు తిరిగాయి.

ఇక మావాడి బస్సు. బాడీకి ఒక బొమ్మ, లోపలి సీట్లకు ఒకటి, బోర్డులకు ఒకటి. ఒక్కొక్కటీ అడ్డం 2048, నిలువు 2048 చుక్కలు. ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు. గుణించి చూస్తే ఒక్కో బొమ్మ 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న నకళ్లు కూడా కలిపితే 21 దాటుతుంది. మూడు కలిస్తే 64. జాగా 50. అంటే ఒక్క బస్సు రోడ్డెక్కితే ఆటలోని లాస్ శాంటోస్ నగరానికి చోటు లేదు!

దీనికి విరుగుడు ఎప్పుడో వచ్చింది. ఫాస్ట్‌మ్యాన్92 అనే పేరుతో ఒకాయన చేసిన లిమిట్ అడ్జస్టర్ ఉంది. ఆటలో గీసిపెట్టిన ఇలాంటి హద్దులను ఒక సెట్టింగ్ ఫైలు ద్వారా మార్చుకోనిస్తుంది. 50ని బాగా పెంచుకోవచ్చు. అయితే అక్కడితో అయిపోలేదు. ఈ గోడ జరిపితే వెనక ఇంకో గోడ ఉంది, దానికీ ఎనిమిది జీబీకీ సంబంధమే లేదు.

ఆ కాలపు ఆటలు దాదాపు అన్నీ 32 బిట్ ప్రోగ్రాములు. 32 బిట్లతో రాయగలిగిన ఇంటి నంబర్లు మొత్తం 429,49,67,296. అంటే 4 జీబీ. అందులో సగాన్ని విండోస్ తన కోసం పక్కన పెట్టుకుంటుంది. ఆటకు మిగిలేది 2 జీబీ. మీ కంప్యూటర్‌లో 8 ఉన్నా 64 ఉన్నా అంతే. ఊళ్లో స్థలం బోలెడుంది, పంచాయతీ పుస్తకంలో ఇంటి నంబర్లు అయిపోయాయి.

ఈ గోడను జరిపే పని ఒకే ఒక్క బిట్‌ది. ప్రతి ప్రోగ్రాం ఫైలు మొదట్లో దాని జాతకం లాంటి చిన్న భాగం ఉంటుంది. పాత ప్రోగ్రాముల్లో అక్కడ తరచూ '0ఎఫ్ 01' అని కనిపిస్తుంది. దాన్ని '2ఎఫ్ 01' చేస్తే చాలు. 64 బిట్ విండోస్ ఆ ఆటకు 2 బదులు మొత్తం 4 జీబీ నంబర్లు ఇచ్చేస్తుంది. సున్నా రెండైంది, అంతే. డేనియల్ పిస్టెల్లి తన ఎన్‌టీకోర్ పేరుతో ఇచ్చిన '4జీబీ ప్యాచ్' చేసేది ఇదే. ఇంత తేలికైనదాన్ని విండోస్ తానే ఎందుకు చేయదు? ఎందుకంటే ఆ బిట్ ఒక హామీ. కొందరు పాత ప్రోగ్రామర్లు చిరునామాలను మామూలు సంఖ్యల్లా లెక్కించారు. 2 జీబీ దాటిన చిరునామా వాళ్ల లెక్కలో రుణ సంఖ్యగా కనిపించి అంతా తలకిందులవుతుంది. 'నాకు ఆ దోషం లేదు, పెద్ద నంబర్లు ఇచ్చినా సర్దుకుంటాను' అని ప్రోగ్రాం తరఫున సంతకం పెట్టడమే ఆ '2' అంకె. స్కైరిమ్ అనే ఆట 2011 నవంబర్ 11న ఆ సంతకం లేకుండానే వచ్చింది. ఆడేవాళ్లే ముందు పెట్టుకున్నారు, డిసెంబర్‌లో కంపెనీ పెట్టింది.

స్కైరిమ్ సంగతి వచ్చింది కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చిన పని దగ్గరికి వస్తాను. దాన్ని చెప్పడానికి మా ఊరి కల్లం కావాలి.

పసుపు తవ్వాక ఉడకబెట్టి, నీరు వంచి, కల్లంలో ఎండబోస్తారు. కొమ్ము వేరు, మండ వేరు. పదిమంది రైతులు అక్కడొక కుప్ప, ఇక్కడొక కుప్ప పోసుకున్నాక మధ్యాహ్నం ఒకాయన పెద్ద లోడుతో వస్తాడు. ఖాళీ లెక్కగడితే ఆయనకు కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. కానీ అంతా ముక్కలు. ఒకచోట నాలుగు గజాలు, ఇంకోచోట మూడు. ఆయనకు ఒక్కచోట కావాలి, విడదీసి పోస్తే పక్కవాళ్ల కొమ్ములో కలిసిపోతుంది. చోటుండీ చోటు లేనట్టే.

మెమొరీలో సరిగ్గా ఇదే జరుగుతుంది. స్కైరిమ్ మొదలుకాగానే 512 ఎంబీ తీసుకునేది. అందులో 256 తాత్కాలిక పనులకు పోతే, అసలు ఆటకు 256. ఎక్స్‌బాక్స్ 360లో మొత్తం మెమొరీయే 512 ఎంబీ కాబట్టి ఆ లెక్క అప్పటికి సరిపోయింది. కంప్యూటర్ మీద జనం మాడ్లు, అంటే ఆడేవాళ్లే చేసుకున్న చేర్పులు, వంద, రెండు వందలు ఎక్కించారు. కొత్త అడవులు, కొత్త ఊళ్లు, ఒక్కో గడ్డిపోచకు కొత్త బొమ్మ. 256 నిండిపోయేది. నిండాక ఆట ఇంకో పెద్ద ముక్కను కొత్తగా అడిగేది. ఆపాటికి చుట్టూ ఎవరి కుప్పలు వాళ్లు పోసేసి ఉంటారు. అలా అడిగే చోటే పడిపోయేది, లేదంటే లోడింగ్ స్క్రీన్ మీద బొమ్మ తిరుగుతూ ఎప్పటికీ తెల్లవారేది కాదు. ఏ మాడ్ వల్ల జరిగిందో తెలియక జనం ఒక్కొక్కటే తీసేస్తూ, పెడుతూ రాత్రులు గడిపారు. తప్పు ఏ ఒక్క మాడ్‌దీ కాదు.

షెసన్ అనే పేరుతో తెలిసిన ఒక మాడర్ దీని మూలం పట్టుకున్నాడు. చేతిలో ఆట సోర్స్ కోడ్ లేదు, ఉన్నది యంత్రానికి అర్థమయ్యే అంకెలు మాత్రమే. వాటిలో వెతికి, ఆట మొదటిసారి చోటు అడిగే క్షణాన్ని పట్టుకుని, అడిగే సంఖ్యను మార్చాడు. 512 బదులు 768. తాత్కాలిక పనుల 256 పోను, ఆటకు మిగిలింది 512. రెండింతలు. ఇంతకంటే చేసిందేమీ లేదు. మెమొరీ మేనేజర్‌ను తిరగరాయలేదు, ఎవరి మాడ్‌నూ తప్పుపట్టలేదు, బొమ్మల నాణ్యత తగ్గించమనలేదు. పసుపు ఇంకా బాయిలర్‌లో ఉడుకుతుండగానే పొద్దున్నే కల్లానికి వచ్చి, పెద్ద పరదా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వెతుక్కునే అవసరమే రాకుండా చేశాడు.

2014లో ఇది ఎస్‌కేఎస్‌ఈ (స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్) అనే సాధనంలో కలిసిపోయింది. మాడ్లు వాడేవాళ్లలో చాలామందికి అది లేనిదే ఆట మొదలుకాదు. దాని సెట్టింగ్ ఫైలులో రెండు లైన్లు రాస్తే చాలు. ఒకదానికి ఎదురుగా 768, ఇంకోదానికి ఎదురుగా 256. ఆ రెండు లైన్ల కోసం ఎంతమంది దండం పెట్టుకున్నారో. ఆ మెమొరీ బ్లాకులు ఏ మేరకు నిండాయో లెక్క రాసిచ్చే చిన్న ప్లగిన్ కూడా వచ్చింది. నాకైతే అదీ మరమ్మతులో భాగమే అనిపిస్తుంది. అంతదాకా అందరూ ఊహించుకున్నారు, అప్పటినుంచి కొలుచుకున్నారు. వెంటనే కొందరు 'అయితే 768 ఎందుకు, 1500 పెట్టేద్దాం' అన్నారు. అత్యాశ. కల్లమంతా ఒక్కడే పరదా పరిస్తే మిగతావాళ్లు ఎక్కడ పోసుకోవాలి? ఆ 4 జీబీలోనే బొమ్మలకూ, శబ్దానికీ, గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ చోటుండాలి.

బొమ్మల సంగతి రష్యాకు చెందిన బోరిస్ వొరొంత్సోవ్ తన ఈఎన్‌బీ అనే మాడ్‌తో చూసుకున్నాడు. డైరెక్ట్‌ఎక్స్ 9 పద్ధతిలో గ్రాఫిక్స్ కార్డుకు పంపిన బొమ్మలకు ఇంకో నకలు ఆట మెమొరీలోనూ ఉండిపోయేది. ఆ నకళ్లను మోసుకెళ్లి వేరే ప్రాసెస్‌లో పెట్టాడు. పక్క ఊరి కల్లం అద్దెకు తీసుకోవడం లాంటిది. తెలివైన పనే, కాకపోతే కొంచెం గజిబిజి. 2016 అక్టోబర్ 28న స్కైరిమ్ 64 బిట్ వెర్షన్ వచ్చాక ఈ గోడలు ఆ ఆట వరకు పోయాయి.

పాత ఆటలు మాత్రం పాతవిగానే ఉన్నాయి. వాటిలో ఎన్నాళ్లకు బయటపడే రోగాలుంటాయో చెప్పలేం. శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అని నీళ్ల మీద వాలే చిన్న విమానం ఉంది. ఇరవై ఏళ్లు హాయిగా ఎగిరింది. విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక అది కనబడకుండా పోయింది. బలవంతంగా అందులో కూర్చోబెడితే ఆటగాడు ఆకాశంలోకి, అందనంత ఎత్తుకు ఎగిరిపోతున్నాడు. 'సైలెంట్' పేరుతో సైలెంట్‌ప్యాచ్ అనే మరమ్మతుల మాడ్ నడిపే పోలండ్ ప్రోగ్రామర్ ఏడ్రియన్ జ్దనోవిచ్ 2025 ఏప్రిల్‌లో దీని గుట్టు విప్పాడు.

వాహనాల వివరాలు ఒక టెక్స్ట్ ఫైలులో ఒక్కో లైనుగా ఉంటాయి. చక్రాల సైజు లైను చివర్లో రాయాలి. అంతకుముందు ఆట వైస్ సిటీలో స్కిమ్మర్‌ను పడవగా లెక్కగట్టారు, పడవకు చక్రాలు ఉండవు. శాన్ ఆండ్రియాస్‌లో విమానం చేశారు, చక్రాల సైజు రాయడం మరిచారు. చదివే కోడ్ కూడా, అంకె లేకపోతే ఏమనుకోవాలో ముందే చెప్పుకోలేదు. మరి ఇరవై ఏళ్లు ఎలా నడిచింది? దానికి ముందు లైను టాప్‌ఫన్ అనే వ్యాన్‌ది. దాని చక్రాల సైజు చెరిగిపోకుండా అదే మెమొరీలో మిగిలి ఉండేది, స్కిమ్మర్ దాన్నే తనదనుకునేది. ముందు రైతు మరిచిపోయిన పరదా మీద పసుపు పోసుకోవడమన్నమాట. కొత్త విండోస్‌లో ఆ రెండు లైన్ల మధ్య నడిచే ఒక చిన్న పని ఇదివరకటికంటే కాస్త ఎక్కువ చోటు తొక్కింది. పరదా పోయింది. చక్రాలకు అర్థంలేని అంకె వచ్చింది. విండోస్ తప్పు ఇందులో ఆవగింజంత లేదు. ఆయన బైటు బైటుగా వెనక్కి నడిచి 2004లో రాయని అంకె దగ్గరికి చేరాడు.

మావాడికి ఇదంతా చెప్పాను. షెసన్ కథ దగ్గర శ్రద్ధగా విన్నాడు, స్కిమ్మర్ దగ్గర నవ్వాడు. మర్నాడు అడ్జస్టర్ జోలికి పోకుండా బస్సునే మళ్లీ పట్టుకున్నాడు. బాడీ బొమ్మను 1024కు తగ్గించి కంప్రెస్ చేశాడు, ఎంబీ కూడా లేదు. సీట్లను ఇంకా తగ్గించాడు, ఆటలో ఎవరూ కూర్చోరు కదా. బోర్డును కంప్రెస్ చేశాడు కానీ 2048 నుంచి దిగనివ్వలేదు. మూడూ కలిసి 64 నుంచి ఏడు ఎంబీల లోపుకు వచ్చాయి. రోడ్డు ఎక్కడా తెగలేదు, బస్సు ఎడారి దాటి వెళ్లింది. బోర్డును మాత్రం ఎందుకు వదిలేశావంటే, తగ్గిస్తే కమ్మర్‌పల్లిలో మావత్తు మసకబారుతుందట.