కణంలో కర్త ఎవరు? - యానిమేషన్ వీడియోలు, తెలుగు వ్యాఖ్యానం

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాల పొరుగున ఉన్న సైదాబాద్‌లో ఇంటర్ విద్యార్థులకు జీవకణం సూక్ష్మదర్శినిలో కంటే ముందు ఫోను తెరపైనే పరిచయమవుతున్నది. ద్వితీయ సంవత్సర వృక్షశాస్త్రంలోని అణుజీవశాస్త్రానికీ, నీట్ సన్నాహానికీ యానిమేషన్ ఊతకర్ర అయింది. కనుక ఈ వీడియోలను ఉపకరణాలుగా వాడుకోవడంతో సరిపోదు. పాఠ్యాలుగా విమర్శించవలసి ఉన్నది.

ఈ ప్రక్రియకు ఒరవడి దిద్దినది హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం ఎక్స్‌వివో సంస్థ 2006లో రూపొందించిన 'ది ఇన్నర్ లైఫ్ ఆఫ్ ద సెల్'. అందులో కైనెసిన్ అనే ప్రోటీన్ తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన తిత్తిని మోస్తూ, సూక్ష్మనాళికపై నిబ్బరంగా అడుగులు వేస్తుంది. చుట్టూ విశాలమైన శూన్యం. దృశ్యం మనోహరం, అసత్యం అక్కడే ఉన్నది. నిజమైన కణద్రవ్యం జాతరలా కిక్కిరిసి ఉంటుంది. నీటి అణువుల తాకిడికి ప్రతిదీ కంపిస్తూనే ఉంటుంది. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లు; అడుగుకొక ఏటీపీ ఖర్చు; ముందుకు పడే తల తడబడుతూనే పట్టు దొరకబుచ్చుకుంటుంది. 2014 నాటికి ఎక్స్‌వివో ఆ రద్దీని, కంపనాన్ని చూపే మరో వీడియో చేసింది. అందం తగ్గినా, మెరుగైన పాఠం అదే.

తెలుగు వ్యాఖ్యానం దగ్గర చిక్కు మరింత ముదురుతుంది. 'రైబోజోమ్ తనకు కావలసిన అమైనో ఆమ్లాన్ని ఎంచుకుంటుంది' అన్నప్పుడు, ఆత్మార్థకమైన 'కొను' ఆ అణుసముదాయానికి సంకల్పాన్ని అంటగడుతుంది. నిజానికి అక్కడ టీ-ఆర్‌ఎన్‌ఏలు వచ్చి తాకుతుంటాయి. నప్పినది నిలుస్తుంది, నప్పనిది జారిపోతుంది. అలాగని తప్పంతా 'కొను'దే అనలేము. 'ఇరుక్కొను', 'అంటుకొను' వంటి క్రియలలో సంకల్పం లేదు. అంటే కర్త లేని కదలికను చెప్పగల వనరు భాషలోనే ఉన్నది. వ్యాఖ్యాతలు దానిని వాడుకోవాలి.

ఇది కేవలం వ్యాకరణ చర్చ కాదు. పరీక్ష భాగాల పేర్లను, దశల వరుసను అడుగుతుంది. వాటికి నున్నటి యానిమేషన్ చాలు. నష్టం ఉత్పరివర్తనం దగ్గర తేలుతుంది. పాలిమరేజ్ 'వెదికి తెచ్చుకుంటుంది' అని నేర్చిన విద్యార్థికి ఉత్పరివర్తనం ఎవరో చేసిన పొరపాటుగా తోస్తుంది. లెక్కలేనన్ని తాకిళ్లలో అరుదుగా ఒక నప్పని న్యూక్లియోటైడ్ నిలిచిపోవడమని తట్టదు. అది తట్టకపోతే, పరిణామ పాఠంలో వైవిధ్యం ఎక్కడ నుండి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం బట్టీ పట్టవలసిందే.