మొత్తం చెప్పని ఉత్తర్వు: మన్యంలో ప్రభుత్వ బాకీ, తీర్పుల భాష

ప్రభుత్వం మీద గెలిచిన డిక్రీని రాబట్టుకొనే తీరు మైదాన ప్రాంతాల్లో అందరికీ తెలిసినదే. భూసేకరణ పరిహారాన్ని కోర్టు పెంచుతుంది; సొమ్ము రాదు; సివిల్ ప్రక్రియా స్మృతి 82వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చిన మూడు నెలల గడువు దాటాక అమలు పిటిషను పడుతుంది; చివరికి అమీనా వచ్చి ఆర్డీవో కార్యాలయంలోని కుర్చీలు, కంప్యూటర్లు జప్తు చేస్తాడు. మర్నాడు పత్రికలో ఫొటో వస్తుంది. కుర్చీలు అమ్మితే బాకీ తీరదని అందరికీ తెలుసు. అక్కడ పనిచేసేది పరువు.

అరకు, పాడేరు కొండల్లో ఆ మార్గం ఇంత తిన్నగా లేదు. అదే స్మృతి ఒకటో సెక్షను నాలుగో ఉపసెక్షను విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి ఏజెన్సీలను పేరుపెట్టి ప్రస్తావిస్తూ, అక్కడి ప్రత్యేక నిబంధనలకు భంగం కలగకుండానే తాను వర్తిస్తానంటుంది. అవి 1924 నాటి ఏజెన్సీ నిబంధనలు. వాటి వెనుక 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ఉంది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నిలిపి న్యాయాధికారం కూడా అప్పగించిన చట్టమది. అంటే బాకీపడ్డ ప్రభుత్వానికి జిల్లాలో ప్రతినిధి ఎవరో, సివిల్ న్యాయానికి పెద్దా ఆయనే. అప్పుపడ్డవాడి ఇంటికి అతడినే అమీనాగా పంపినట్లుంటుంది.

అందువల్ల ఆదివాసికి మిగిలే దారి ప్రధానంగా హైకోర్టు రిట్టు, దాని తరవాత ధిక్కార పిటిషను. ఈ దారిలో తీర్పులోని ఆఖరి వాక్యాలే ప్రాణం. ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అన్న మూడు ప్రశ్నలకు అవి జవాబు చెప్పాలి. ఈ దృష్టితో మూడు తీర్పులను చదివితే, న్యాయచర్చలో కనిపించని తేడాలు బయటపడతాయి.

మొదటిది 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ల మీద వచ్చిన వివాదమది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించరాదన్న నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని మెజారిటీ తీర్పు తేల్చింది. ఒక్క పదానికి చెప్పిన అర్థంతో కౌళ్ల చెల్లుబాటే తారుమారైంది. పాఠ విమర్శకులు ముచ్చటపడవలసిన ఘట్టం. అయితే అదే తీర్పు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని నీరు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా కేటాయించాలన్నప్పుడు ఆ పదును కనిపించదు. శాతం ఉంది, అది ఫలానా గ్రామానికి, ఫలానా తేదీకి చెల్లవలసిన బాకీగా మారలేదు. భూమి ఇచ్చేటప్పుడు ‘వ్యక్తి’ అయిన ప్రభుత్వం, సొమ్ము దగ్గరికి వచ్చేసరికి మళ్లీ రూపంలేనిదైంది.

రెండోది వాకపల్లి. జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ 13 మంది నిందితులను విడుదల చేసింది. బాధితులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం చెల్లించాలంది. నేరం రుజువు కాని కేసులో పరిహారం అనడమే పెద్ద మాట. కానీ విడుదలతో ముగిసిన కేసుల్లో పరిహారానికి దారి చూపిన, 2024 వరకు అమల్లో ఉన్న నేర ప్రక్రియా స్మృతి 357-ఏ సెక్షను ప్రకారం కోర్టు చేయగలిగింది సిఫారసే. ఎంతన్నది నిర్ణయించేది ఆ సంస్థ. పదిహేనేళ్లు పైగా నడిచిన వ్యాజ్యం చివర స్త్రీల చేతికి వచ్చింది డిక్రీ కాదు, ఇంకో కార్యాలయం చిరునామా.

మూడోది పొరుగున ఉన్న ఒడిశాది. పోలీసు నిర్బంధంలో కొడుకును పోగొట్టుకొన్న తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకొని 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన నీలబతి బెహెరా తీర్పు. ప్రభుత్వం 1,50,000 రూపాయలు చెల్లించాలంది. అక్కడితో ఆగలేదు. ఆ సొమ్మును ఆమె పేర మూడేళ్ల డిపాజిట్టుగా బ్యాంకులో వేయాలని, వడ్డీ ఆమెకు అందాలని, కలెక్టరే ఆ పని చూసి మూడు నెలల్లో కోర్టు రిజిస్ట్రారుకు నివేదించాలని చెప్పింది. సాహిత్యపరంగా చూస్తే ఇంత పొడి గద్యం మరొకటి ఉండదు. దాని బలమంతా ఆ పొడితనంలోనే ఉంది. ప్రతి క్రియకూ కర్త ఉన్నాడు.

‘యజ్ఞం’ (1964) కథలో అప్పుపడ్డ దళితుడు పెద్దల ముందు నిలబడి ఉంటాడు. అతడి బాకీ లెక్క తేల్చడానికి ఊరంతా కూర్చుంటుంది. ఆ కథపై దశాబ్దాలుగా వాదించుకొన్న తెలుగు విమర్శ, అప్పుపడ్డది ప్రభుత్వమైనప్పుడు లెక్క ఎందుకు తేలదన్న ప్రశ్నను కూడా చేపట్టవచ్చు.

నిధులు లేవన్న జవాబు రాజ్యాంగం ముందు నిలవదు. 202(3)(ఇ) అధికరణం ప్రకారం కోర్టు తీర్పు, డిక్రీల సొమ్ము రాష్ట్ర సంచిత నిధిపై నేరుగా పడే వ్యయం. దానికి శాసనసభ ఓటు అక్కరలేదు. ధిక్కారానికి మాత్రం ఉద్దేశపూర్వక ఉల్లంఘన రుజువు కావాలి. నెల్లూరు జిల్లా భూపరిహారం విషయంలో 2021 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐఏఎస్ అధికారులకు జైలుశిక్ష విధించగలిగిందంటే, ఉల్లంఘించడానికి అక్కడ స్పష్టమైన ఉత్తర్వు ఉంది. గడువు చెప్పని ఉత్తర్వుకు ఆలస్యం అనేదే ఉండదు.

కాబట్టి మన్యం నుంచి వెళ్లే రిట్టు పిటిషను ‘పరిహారం ఇప్పించండి’ అన్న ప్రార్థనతో ఆగకూడదు. మొత్తం ఎంతో, చెల్లించవలసిన అధికారి ఎవరో, తేదీ ఏదో, ఎవరికి నివేదించాలో నీలబతి బెహెరా తీర్పులో ఉన్నట్లు విడివిడిగా కోరాలి. పక్కనే 202(3)(ఇ)ని ఉదహరించాలి. వాకపల్లి ఉత్తర్వులో లేని నాలుగు ముక్కలు ఇవే.