పాత వంతెన, పాత అడుగులు

శ్రీనగర్ కాలనీలో ఉండే ఒక స్టిల్ ఫోటోగ్రాఫర్‌కి కంటిన్యుటీ కొట్టినపిండి. నిన్న సగంలో ఆగిన సీను ఇవాళ తీస్తుంటే హీరో జేబులో పెన్ను అలాగే ఉండాలి, గ్లాసులో నీళ్లు అంతే ఉండాలి. నిన్నటి స్టిల్ చేతిలో పట్టుకుని సరిచూస్తాడు. మొన్న వేసవిలో మేనమామ ఆల్బంలోని ఫోటో ఒకటి పట్టుకుని, దాన్ని అదే చోటి నుంచి మళ్లీ తీద్దామని రాజమండ్రి గోదావరి గట్టు ఎక్కాడు.

అందులో హేవలాక్ వంతెన, దాని మీద పొగ వదులుతూ రైలు. వెనక తేదీ లేదు. పక్కన 1997లో వచ్చిన కమాను వంతెన కనిపించదు, ఆవిరి ఇంజను మాత్రం కనిపిస్తుంది. కాలం గురించి అంతవరకే తెలుస్తుంది.

ఫోటో తీసిన చోటు వెతకడమే అసలు పని. జూమ్ తిప్పితే దొరికేది కాదది. లెన్సు మారిస్తే వస్తువులు పెద్దవో చిన్నవో అవుతాయి గానీ, ముందున్న స్తంభం వెనక స్తంభాన్ని ఎంతమేర కప్పుతుందన్నది కెమెరా నిలబడ్డ చోటును బట్టే ఉంటుంది. పాత ప్రింటులో మొదటి స్తంభం అంచుకీ రెండోదాని అంచుకీ మధ్య సన్నటి వెలుతురు గీత ఉంది. ట్రైపాడ్ ఒక్క అడుగు కుడికి జరిపితే ఆ గీత మాయమవుతోంది. ఎడమకి జరిపితే వెడల్పవుతోంది.

పడవ కట్టేసుకుంటున్న పెద్దాయన ప్రింటు చూసి, "ఇంకాస్త దిగువకెళ్లాలండి బాబూ. అప్పట్లో ఈ మెట్లెక్కడివండి, ఆయ్" అన్నాడు. నిజమే. 2015 పుష్కరాలకు ఘాట్లు విస్తరించారు. నీటి అంచునూ నమ్మడానికి లేదు: దిగువన ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. మారనివి రాతి స్తంభాలే. 1900లో రైళ్లకు తెరిచిన ఆ వంతెనకు ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు.

అమెరికాలో మార్క్ క్లెట్ బృందం 1977 నుంచి 1979 దాకా ఇదే పని చేసింది. 1870ల నాటి సర్వే ఫోటోలు తీసిన చోట్లు వెతికి, అక్కడే కెమెరా పెట్టి, వందకు పైగా దృశ్యాలు మళ్లీ తీసింది. వాళ్లు చోటుతో ఆగలేదు, నీడలు చూసి వేళనూ కలిపారు. మనవాడూ అంతే. చోటు కుదిరాక స్తంభం నీడ ప్రింటులో పడ్డ వైపుకి తిరిగేదాకా గట్టు మీదే కూర్చున్నాడు. సాయంత్రం నాలుగు దాటాక వెలుతురు గీత, నీడ రెండూ కలిశాయి. క్లిక్.

రైలు మాత్రం రాలేదు. 1997 నుంచి ఆ వంతెన మీద రైళ్లు నడవడం లేదు. కంప్యూటర్లో ఓ ఇంజను అతికించడం ఆయనకి పది నిమిషాల పని, అయినా అతికించలేదు. చాలా మంచి పని చేశాడు. ఖాళీ వంతెనే ఈనాటి నిజం.

కొత్త ప్రింటు వెనక తేదీ, వేళ, ఘాటు పేరు, మెట్టు లెక్క బాల్‌పెన్నుతో రాశాడు. 2027లో మళ్లీ పుష్కరాలు, గట్టు రూపు ఇంకోసారి మారవచ్చు. మీ ఇంటి ఆల్బంలో గోదావరి ఫోటో ఉంటే ఈలోగా బయటికి తీయండి. ఎక్కడ తీశారో చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి, వెనక రాసి పెట్టండి.