నగరానికి నాడీమండలం: టొరాంటో ప్రణాళికపై ఒక విమర్శ

నగరాలను గురించిన వ్యాసాలలోను, ప్రణాళికలలోను తరచుగా కనిపించే ఉపమానం ఒకటి ఉన్నది. నగరం ఒక శరీరం వంటిదట. వీథి వీథికీ అమర్చిన సెన్సర్లు దానికి జ్ఞానేంద్రియాలు. వాటిని కలిపే రేడియో తరంగాలు నాడులు. ఎక్కడో ఒక భవనంలో ఉన్న కంప్యూటర్లు మెదడు. ఉపమానం అందంగానే ఉన్నది. కాని శాస్త్ర విషయాలలో ఉపమానాన్ని నమ్మే ముందు అది ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించి చూడవలసి ఉంటుంది. అటువంటి పరీక్షకు కెనడా దేశంలోని టొరాంటో నగరపు అనుభవం చక్కగా పనికివస్తుంది.

ఒంటారియో సరస్సు ఒడ్డున క్వేసైడ్ అనే 12 ఎకరాల స్థలం ఉన్నది. అక్కడ సరికొత్త పేటను నిర్మించడానికి వాటర్‌ఫ్రంట్ టొరాంటో అనే ప్రభుత్వ సంస్థ 2017 అక్టోబరులో సైడ్‌వాక్ ల్యాబ్స్ అనే కంపెనీని ఎన్నుకొన్నది. ఈ కంపెనీ గూగుల్‌కు మాతృసంస్థ అయిన ఆల్ఫాబెట్‌కు చెందినది. 2019 జూన్‌లో కంపెనీ తన ప్రణాళికను ప్రచురించినది. అది 1500 పుటలకు మించిన బృహద్గ్రంథం. ఏడాది తిరగకముందే, 2020 మే 7న, కంపెనీ ఆ పనినుండి తప్పుకొన్నది. కోవిడ్ వ్యాధి మూలంగా ఏర్పడిన ఆర్థిక అనిశ్చితిని కారణంగా చెప్పినది. కట్టని పేటకు విమర్శ ఎందుకని కొందరు అడుగవచ్చు. ఇల్లు లేచిన తరువాత గోడలను తప్పుపట్టడం కంటె, పటం మీద ఉండగానే తలుపులు ఎక్కడ ఉన్నవో చూచుకోవడం మేలు కదా! ఆ ప్రణాళిక లేవదీసిన ప్రశ్నలు టొరాంటోతో పోలేదు.

ముందుగా సాధనం సంగతి. సెన్సర్ల వలలోని ఒక్కొక్క పరికరాన్ని కణుపు అనవచ్చును. ప్రతి కణుపులోను నాలుగు భాగాలు ఉంటవి: ఉష్ణోగ్రతనో, ధ్వనినో, వాహనపు ఉనికినో గుర్తించే సెన్సరు, ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చి లెక్కవేసే చిన్న గణన యంత్రం, వార్తలను పంపి, అందుకొనే రేడియో, వీటిని నడిపే బ్యాటరీ. వీటిలో సాధారణంగా ఎక్కువ తిండి తినేది రేడియో. శ్రేణిలో కలిపిన రెండు చిన్న బ్యాటరీల సామర్థ్యం 2500 మిల్లీ ఆంపియర్-గంటలు అనుకొంటే, ఎడతెగకుండా మేలుకొని ఉన్న రేడియో సుమారు 20 మిల్లీ ఆంపియర్ల చొప్పున దానిని 125 గంటలలో, అంటే అయిదు రోజుల పైచిలుకులో, హరించివేస్తుంది. అదే రేడియో నూరు సెకండ్లకు ఒక్క సెకండు మాత్రమే మేలుకొంటే, నిద్రలో అయ్యే స్వల్ప వ్యయాన్ని విడిచిపెట్టి లెక్కిస్తే, ఆ బ్యాటరీలే 12,500 గంటలు, సుమారు 520 రోజులు వస్తవి. కనుక ఈ విద్యలో మొదటి సూత్రం ఎక్కువగా నిద్రపోవడమే.

రెండవ సూత్రం దూరానికి సంబంధించినది. ఖాళీ ప్రదేశంలో రేడియో తరంగపు తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. వంద మీటర్ల దూరాన్ని ఒకే అంగలో దాటడానికి బదులు, ఇరవై అయిదు మీటర్ల అంగలు నాలుగు వేస్తే, ఒక్కొక్క అంగకు పదహారవ వంతు శక్తి చాలును. నాలుగింటికీ కలిపి నాలుగవ వంతు. నేలబారున తరంగం ఇంకా త్వరగా క్షీణిస్తుంది కాబట్టి ప్రసార శక్తిలో ఆదా ఇంకా హెచ్చుతుంది. అయితే మధ్యనున్న ప్రతి కణుపూ వార్తను అందుకోవడానికి కూడా మేలుకోవాలి. అందుచేత కాగితం మీది ఆదా అంతా చేతికి రాదు.

మూడవ సూత్రం ఈ విమర్శకు ముఖ్యమైనది. ఒక్క బిట్టు సమాచారాన్ని రేడియోలో పంపడానికి పట్టే శక్తితో గణన యంత్రం వందలు, వేల చిన్న లెక్కలు చేయగలదు. కనుక తెలివైన కణుపు చూచినదంతా పంపదు; తానే లెక్కవేసి ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. కూడలిలోని కెమెరా చిత్రమంతా పంపడానికి బదులు ‘పన్నెండుగురు దాటినారు’ అనే వార్తను పంపి, చిత్రాన్ని అక్కడికక్కడే చెరిపివేయవచ్చును. బ్యాటరీ ఆదా అవుతుంది. దాటినవారి ముఖాలు ఎవరి గిడ్డంగికీ చేరవు. ఇక్కడ భౌతికశాస్త్రం కోరే పొదుపు, పౌరుడు కోరే మరుగు ఒకే దారిలో నడుస్తవి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరాన గ్రేట్ డక్ అనే ద్వీపం ఉన్నది. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులు అక్కడ బొరియలలో గూళ్లు పెట్టుకొంటవి. మనిషి అలికిడి తగలకుండా ఆ గూళ్లను పరిశీలించడానికి 2002లో 32 కణుపులను అక్కడ అమర్చినారు. ఈ శాస్త్రపు తొలి ప్రయోగాలలో ఇది పేరు పొందినది. అయితే పక్షి తన గూటిలో ఉష్ణోగ్రత ఎవరికి తెలిసినదని అడుగదు. మనిషి అడుగుతాడు. ద్వీపం నుండి నగరానికి వచ్చేటప్పుడు మారినది కణుపుల సంఖ్య మాత్రమే కాదు. పరిశీలింపబడే వానికి హక్కులు కూడా వచ్చినవి.

టొరాంటో ప్రణాళికలో గుణాలు లేకపోలేదు. నెమ్మదిగా నడిచే ముసలివారికి దారి దాటడానికి మరికొంత వ్యవధి ఇవ్వగల సంకేత దీపాలు, మంచును కరిగించే వెచ్చని కాలిబాటలు, సరుకులకు భూగర్భ మార్గాలు, కలపతో ఎత్తైన భవనాలు అందులో ఉన్నవి. ఇవి ఊహలో పుట్టిన వింతలు కావు. నగరవాసి నిత్యం పడే అవస్థలకు ఇంజనీరు ఇచ్చిన సమాధానాలు. అన్నిటినీ గ్రంథస్థం చేసి, ప్రజలు చదివి తప్పుపట్టడానికి వీలు కల్పించడం కూడా మెచ్చదగినదే.

లోపం మరొకచోట ఉన్నది. కంపెనీకి సలహాదారుగా ఉన్న ఆన్ కవూకియన్ ఒంటారియోకు పూర్వం సమాచార, గోప్యతా కమిషనరుగా పనిచేసిన విదుషి. సమాచారంలో వ్యక్తిని గుర్తుపట్టగల ఆనవాళ్లను సెన్సరు దగ్గరనే తొలగించాలని ఆమె కోరినారు. కంపెనీ తన వరకు ఒప్పుకొన్నది. కాని ఆ పేటలో సెన్సర్లు పెట్టే ఇతర సంస్థలను అందుకు నిర్బంధించలేమని చెప్పినది. 2018 అక్టోబరులో ఆమె తప్పుకొన్నారు. పాలలో నీళ్లు కలపనని ఒక్క అమ్మకందారు ప్రమాణం చేసినంతమాత్రాన సంత అంతా శుద్ధమైపోదు.

పేర్లు తీసివేస్తే చాలదా అని ఒక వాదం ఉన్నది. దీనికి గణితమే సమాధానం చెప్పినది. డి మాంట్‌జోయ్, ఆయన సహచరులు 15 లక్షలమంది సెల్‌ఫోన్ల సంచారాన్ని పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రకటించినారు. ఒక వ్యక్తి ఏ వేళ ఏ తావున ఉన్నాడో తెలిపే నాలుగు బిందువులు దొరికితే చాలును, నూటికి 95 మంది జాడలు తక్కినవారి జాడలనుండి వేరుపడిపోతవని వారు చూపినారు. ఇల్లు, బడి, అంగడి, ఆసుపత్రి — ఈ నాలుగూ కలిసిన దారి మరొకనికి ఉండడం అరుదు. మన అడుగుజాడే మన పేరు.

రెండవ లోపం హద్దు దాటడం. స్థలం 12 ఎకరాలు. ప్రణాళికలో ప్రతిపాదించిన ప్రాంతం సుమారు 190 ఎకరాలు. సెన్సర్ల సమాచారాన్ని పాలించడానికి కొత్తగా ఒక ధర్మకర్తల సంస్థను కూడా కంపెనీయే సూచించినది. పరీక్ష రాసేవాడే పరీక్షకుని నియమించే పద్ధతి ఇది. 2019 అక్టోబరు చివర ప్రభుత్వ సంస్థ పట్టుపట్టగా కంపెనీ తిరిగి 12 ఎకరాలకు దిగివచ్చినది. ధర్మకర్తల ఆలోచన విడిచి, ఉన్న చట్టాలకు లోబడటానికి అంగీకరించినది. ప్రశ్నించే పౌరులు ఉంటే ప్రణాళికలు సరిదిద్దబడతవనడానికి ఇది నిదర్శనం.

మరొక సూక్ష్మం ఉన్నది. బ్యాటరీతో నడిచే కణుపుకు పొదుపు తప్పనిసరి. అది అనవసరమైన మాట మాట్లాడలేదు. దీపస్తంభానికి తగిలించిన కణుపుకు కరెంటు ఎల్లవేళలా అందుతుంది. చూచినదంతా చేరవేయడానికి దానికి అడ్డు లేదు. ప్రకృతి పెట్టిన కట్టుబాటు తొలగినచోట, ఆ పనిని చట్టం చేయవలసి ఉంటుంది.

ఇప్పుడు ఉపమానం దగ్గరకు తిరిగి రావచ్చును. కాలికి ముల్లు గుచ్చుకొంటే నాడి ఆ వార్తను మెదడుకు చేరుస్తుంది. మెదడు ఆ కాలిదే. నొప్పి పడేదీ, కాలు తీసేదీ ఒకే ప్రాణి. టొరాంటో ప్రణాళికలో కాళ్లు పౌరులవి; మెదడు మరొకరిది కాగలదు. అంత దూరం రాగానే ఉపమానం విరిగిపోతుంది. అసలు ప్రశ్న బయటపడేది అక్కడనే.

మన దేశంలో 2015లో ప్రారంభమైన స్మార్ట్ సిటీల పథకం కింద నూరు నగరాలను ఎన్నుకొన్నారు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి ఇరవైలో విశాఖపట్నం, కాకినాడ ఉన్నవి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది; 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టం వచ్చినది. కనుక స్తంభం మీద కొత్త పెట్టె కనిపించినప్పుడు విద్యార్థి అడుగవలసినవి నాలుగు ప్రశ్నలు: ఇది ఏమి కొలుస్తున్నది? దీని కొలత సరియైనదో కాదో ఎవరు, ఎన్నాళ్లకొకసారి సరిచూస్తున్నారు? కొలిచినదానిలో ఎంత ఇక్కడే చెరిపివేస్తున్నది? మిగిలినది ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుంది?

ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నలలో మొదటి రెంటిని భౌతికశాస్త్రపు తరగతిలోను, తక్కిన రెంటిని పౌరశాస్త్రపు తరగతిలోను చెప్పవచ్చును. నాలుగింటికీ జవాబు దొరికిన పెట్టె నగరానికి కన్ను అవుతుంది. దొరకనిది ఎవరి కన్నో తెలియదు.