అమ్మకపు పద్దులో తాత పేరు

అమెరికాలోని బోస్టన్ నగరం ఉన్న సఫోక్ కౌంటీ దస్తావేజుల మొదటి పుస్తకంలో, ఇళ్ల అమ్మకాలకూ పొలాల తాకట్లకూ నడుమ, 1652 మే నెలలో నకలు చేసిన ఒక జాబితా కనిపిస్తుంది. అందులో సుమారు 270 మగవాళ్ల పేర్లున్నాయి. ఊరు లేదు, తండ్రి పేరు లేదు, వయసు లేదు. మనుషుల పేర్లు భూమి రిజిస్టరులోకి ఎందుకొచ్చాయంటే, ఆ మనుషులు సరుకు గనుక. అంతకు కొన్ని నెలల ముందు లండన్ నుంచి ‘జాన్ అండ్ సారా’ అనే ఓడలో వచ్చిన స్కాట్‌లాండ్ యుద్ధఖైదీలు వాళ్లు. లండన్ వర్తకులు వాళ్లను థామస్ కెంబుల్ అనే వ్యాపారి పేర పంపి, అమ్మగా వచ్చిన సొమ్ముతో బార్బడోస్‌కు సరుకు ఎత్తమన్నారు. ఈనాడు న్యూ ఇంగ్లండ్‌లో మా మూలపురుషుడు తొలి వలసదారుల్లో ఒకడని చెప్పుకునే ఎన్నో కుటుంబాలు తమ తాతను వెతుక్కుంటూ వచ్చి ఆగేది ఈ కాగితం దగ్గరే. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇలాంటి ఖైదీల జాబితా కుటుంబ చరిత్రకు అమూల్యమైన సాక్ష్యం. కానీ దాన్ని మొదట తెరిస్తే దారి తప్పిస్తుంది, చివర తెరిస్తేనే నిజం చెబుతుంది.

ముందు ఆ ఖైదీలు ఎవరో తెలియాలి. 1650 సెప్టెంబరు 3న డన్‌బార్ దగ్గర క్రామ్‌వెల్ నడిపిన ఇంగ్లండ్ సైన్యం స్కాట్‌లాండ్ సైన్యాన్ని ఒక్క పూటలో చిత్తుచేసింది. తన లెక్కలో పదివేలమంది పట్టుబడ్డారని క్రామ్‌వెల్ రాశాడు. గాయపడినవాళ్లనూ జబ్బుపడినవాళ్లనూ వదిలేసి, మిగతావాళ్లను దక్షిణాన ఇంగ్లండ్‌లోని డరమ్ దాకా వందమైళ్లకు పైగా నడిపించారు. తిండి లేదు. మోర్పెత్ అనే ఊళ్లో రాత్రికి గోడలున్న ఒక తోటలో కుక్కితే, అక్కడి పచ్చి క్యాబేజీలను ఆకులూ వేళ్లతో సహా తినేశారు. ఆ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. డరమ్ కథీడ్రల్‌లో లెక్కపెట్టి లోపలికి పంపింది 3,000 మందిని. అక్టోబరు నెలాఖరుకు వాళ్లలో సుమారు 1,600 మంది చనిపోయారని గవర్నరు ఆర్థర్ హేసెల్‌రిగ్ పైవాళ్లకు సంజాయిషీ రాసుకున్నాడు. బతికినవాళ్లలో 150 మందిని ‘యూనిటీ’ అనే ఓడలో బోస్టన్‌కు పంపారు. సరిగ్గా ఏడాది తిరిగాక, అదే సెప్టెంబరు 3న, ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో స్కాట్‌ల రెండో ఓటమి జరిగింది. ‘జాన్ అండ్ సారా’లో ఎక్కినవాళ్లు ఆ యుద్ధం తర్వాత పంపినవాళ్లు. యూనిటీలో వచ్చినవాళ్లకు ఒక్కొక్కరి ధర 20 నుంచి 30 పౌండ్లు. కొందరిని సాగస్ ఇనుప కార్ఖానా కొన్నది, కొందరిని మెయిన్ ప్రాంతంలో రిచర్డ్ లీడర్ కలపకోత మిల్లు కొన్నది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండో ఓడకు జాబితా ఉంది. మొదటి ఓడ యూనిటీకి జాబితా మిగల్లేదు. ఇంటిపేరు కలవగానే సంబరపడేవాళ్లు చేసే తప్పు, ఉన్న జాబితాలోనే తమ తాత ఉండి తీరాలనుకోవడం. దొరికిన కాగితంలో వెతకడం సులువు. దొరకని కాగితంలో ఉన్నవాడిని గుర్తుపట్టడమే ఈ విద్యలో అసలు నేర్పు. అందుకే అనుభవజ్ఞులు ఓడ దగ్గర మొదలుపెట్టరు, మనుమల దగ్గర మొదలుపెడతారు. తెలిసిన తరం వీలునామా నుంచి దాని ముందు తరం భూమి కొనుగోలుకు, అక్కణ్నుంచి పన్నుల పట్టీకి, కోర్టు తీర్పుకు, యజమాని ఆస్తుల లెక్కకు ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతారు. 1653లో సాగస్ కార్ఖానా ఆస్తులు లెక్కగట్టినప్పుడు కొలిమి సామానుతో పాటు అక్కడున్న స్కాట్‌ల పేర్లూ రాశారు. 1657లో బోస్టన్‌లోని స్కాట్‌లు కష్టంలో ఉన్న తమవాళ్లను ఆదుకోవడానికి స్కాట్స్ చారిటబుల్ సొసైటీ పెట్టుకున్నారు, దాని పద్దుపుస్తకం కూడా ఉంది. ఒక పుస్తకంలో ఖైదీ పేరు ధర కోసం రాశారు. ఇంకో పుస్తకంలో అలాంటి మనిషే తోటివాడి కోసం చందా ఇచ్చి పేరు రాయించుకున్నాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మనిషి కనిపిస్తాడు.

కోర్టు తీర్పు ఎంత పనికొస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 1654లో మెయిన్ కోర్టు అలెగ్జాండర్ మాక్స్‌వెల్ అనే స్కాట్‌ను, లీడర్ కుటుంబానికే చెందిన యజమాని జార్జ్ లీడర్‌నూ ఆయన భార్యనూ దూషించి దురుసుగా ప్రవర్తించినందుకు, స్తంభానికి కట్టి ఒంటిమీద 30 కొరడాదెబ్బలు కొట్టమన్నది. యజమాని కావాలనుకుంటే అతణ్ని వర్జీనియాకో బార్బడోస్‌కో అమ్ముకోవచ్చనీ చెప్పింది. ఈ తీర్పు వంశవృక్షం కోసం రాసింది కాదు. అయినా అందులో యజమాని ఎవరు, చోటు ఏది, ఆ ఏటికి అతడింకా యజమాని కింద కట్టుబడి ఉన్నాడా అన్న మూడు ప్రశ్నలకూ జవాబుంది. ఏ జాబితా లేకుండానే అతడు లీడర్ మిల్లుకు వచ్చిన ఖైదీల గుంపులోనివాడని గట్టిగా అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. మన కరణాలు అడంగల్ రాసింది శిస్తు కోసం, రైతు చరిత్ర కోసం కాదు. అయినా మూడు తరాల తర్వాత ఆ రైతు చరిత్ర మిగిలేది అందులోనే. రాసినవాడి అవసరం ఏమిటో గుర్తుపెట్టుకుని చదివితే ఏ పద్దయినా నోరు విప్పుతుంది.

ఇక పేర్ల సంగతి. ఖైదీల్లో చాలామంది మాతృభాష గేలిక్, రాసిన గుమాస్తా ఇంగ్లీషువాడు. చెవికి తోచింది కాగితం మీద పెట్టాడు. ‘మాక్’ అంటే కొడుకు. దాని తర్వాత వచ్చే ముక్క ఎక్కడ విరిగిందో, ఏ అక్షరాన్ని మింగేశారో, నోటితో పలికి చూస్తే తప్ప తెలియదు. అందుకే ఈ జాబితాలను కంటితో కాదు, చెవితో చదవాలి. మెయిన్‌లో యార్క్ పట్టణపు మకింటైర్ కుటుంబ మూలపురుషుణ్ని అక్కడి కాగితాలు ‘మైకమ్’ అంటాయి. అది మాల్కమ్. మకింటైర్ అంటే గేలిక్‌లో వడ్రంగి కొడుకు, మన వడ్లవారబ్బాయి లాగా. తేదీల్లోనూ ఒక మెలిక ఉంది. అప్పటి ఇంగ్లండ్ లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. కాబట్టి జాన్ అండ్ సారా చేరింది 1651 ఫిబ్రవరి అని ఆనాటి కాగితం అంటే, అది మన 1652. ఇది తెలియనివాళ్లు వూస్టర్ యుద్ధం కంటే ముందే వూస్టర్ ఖైదీని బోస్టన్ చేర్చేస్తారు.

మకింటైర్ కుటుంబంలో ఒక కథ తరతరాలుగా నడుస్తోంది. ఖైదీలను వరసలో నిలబెట్టి పదిమందికొకరిని చంపమన్నారట, మైకమ్ పదోవాడట, వరస తెంచుకుని పరుగెత్తి గాయపడి బతికాడట. యార్క్‌లో ఆ కుటుంబం పేరున్న దుంగల ఇల్లు కూడా మైకమ్ రాకకు ముందే, 1640ల్లోనే వెలిసిందని చాలాకాలం నమ్మారు. దూలాల కలప వలయాలు లెక్కించాక అది 1707 ప్రాంతంలో కట్టిందని తేలింది. అప్పటికే మైకమ్ లేడు. పదోవాడి కథకూ ఆధారం కనిపించదు. తోటలో క్యాబేజీల వరకూ అన్నీ రాసిన హేసెల్‌రిగ్ ఉత్తరంలో అలాంటి ఆజ్ఞ ఊసే లేదు. అంతమాత్రాన కథను పారేయమని నేననను. చావు వరసలోంచి బయటపడ్డామన్న జ్ఞాపకం అబద్ధం కాదు, కథీడ్రల్‌లో చనిపోయింది పదికి ఒకరు కాదు, సగానికి పైనే. జ్ఞాపకం బాధను దాచిపెట్టి వివరాలను పోగొట్టుకుంది. కాగితం వివరాలను దాచిపెట్టి బాధను వదిలేసింది. పరిశోధకుడికి రెండూ కావాలి. తేదీ విషయంలో మాత్రం కాగితమూ కలపా చెప్పిందే చెల్లాలి.

ఇంత చేసినా ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటే ఎవరు మన తాతో ఎలా తేలుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పేరొక్కటే సాక్ష్యమైతే తేలదు, తేలిందని చెప్పకూడదు. పేరుతో పాటు చోటు, యజమాని, ఇరుగుపొరుగు కలవాలి. దస్తావేజు మీద సాక్షి సంతకాలు పెట్టిందెవరు, పక్క పొలం ఎవరిది, వీలునామా అమలు చేసిందెవరు అని చూస్తే, కలిసి పట్టుబడ్డవాళ్లు విడుదలయ్యాక కూడా ఒకచోటే పొలాలు తీసుకోవడం కనిపిస్తుంది. యార్క్‌లో వాళ్లున్న పేటకు స్కాట్‌లాండ్ అనే పేరు నిలిచింది. ఈమధ్య తండ్రివైపు డీఎన్‌ఏ పరీక్షలు తోడయ్యాయి. రెండు కుటుంబాలకు మగ సంతతిలో ఒకే మూలం ఉందో లేదో అవి చెప్పగలవు. ఆ మూలపురుషుడు ఏ ఓడ దిగాడో అవి చెప్పలేవు. ‘బహుశా’ అనే మాటను వంశవృక్షంలో రాయడానికి సిగ్గుపడకపోవడమే ఈ పనిలో మొదటి నిజాయితీ.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఈ వెతుకులాట తెల్లవాళ్లూ బానిసలే అన్న వాదనకు ఊతమివ్వదా? ఇస్తున్నవాళ్లున్నారు, అది తప్పు. 1651లో మతబోధకుడు జాన్ కాటన్ క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరం ప్రకారం, ఈ ఖైదీలను జీవితాంతం కాదు, ఆరు నుంచి ఎనిమిదేళ్ల పనికి అమ్మారు. కొనుక్కున్న ఒకాయన నలుగురికో ఇల్లు కట్టించి, కొంత భూమి ఇచ్చి, వారంలో మూడు రోజులే తన పని అడిగాడనీ ఆయన రాశాడు. యజమానుల పక్షం మనిషి మాట గనుక దాన్ని కొంత తగ్గించుకుని చదవాలి. మాక్స్‌వెల్ మీద పడ్డ కొరడాలు అందుకే గుర్తుంచుకోవాలి. అయినా గడువు తీరింది, పిల్లలు స్వేచ్ఛగా పుట్టారు, పొలాలు వచ్చాయి. అదే కాలంలో అదే తీరానికి తెచ్చిన ఆఫ్రికా మనుషులకు గడువు లేదు, పిల్లలకూ లేదు, చాలామందికి పద్దులో సొంత పేరైనా లేదు. స్కాట్‌లకు వచ్చిన ఆ పొలాలు కూడా అక్కడి మూలవాసులైన వాబనాకీ ప్రజల నేల. ఖైదీల రికార్డులను శ్రద్ధగా చదివితే తేలేది ఈ తేడాలే. తాత పడ్డ కష్టాన్ని గౌరవించడానికి పక్కవాడి కష్టాన్ని తగ్గించనక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి దూరపు విషయం కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో మొదలై నేటాల్‌కు వెళ్లిన కూలీల రిజిస్టర్లున్నాయి. వాళ్లు ఖైదీలు కారు, ఒప్పందపు కూలీలు. కానీ ఆ పేర్లు రాసిందీ పని లెక్క కోసమే. అక్కడా గుమాస్తా చెవికి తోచిందే పేరు. ఒక మేలు మాత్రం ఉంది. ఆ రిజిస్టర్లలో వరస నంబరుతో పాటు తండ్రి పేరు, జిల్లా, ఊరు కూడా రాశారు. దక్షిణాఫ్రికాలో నాయుడు అన్న పేరొక్కటే మిగిలిన కుటుంబం చెవితో చదవడం నేర్చుకుంటే, ఇంటినుంచి వెనక్కి ఒక్కో మెట్టూ దిగితే, ఊరి పొలిమేర దాకా రాగలదు. స్కాట్‌ల జాబితాకు ఆ పాటి దయ కూడా లేదు.

2013 నవంబరులో డరమ్ కథీడ్రల్ పక్కనున్న పాత గ్రంథాలయం దగ్గర కట్టడం కోసం తవ్వుతుంటే రెండు గుంటల్లో ఎముకలు బయటపడ్డాయి. డరమ్ విశ్వవిద్యాలయం వాళ్లు పళ్లలోని రసాయనాలు పరీక్షించి, 1650 నాటి ఆ ఖైదీలేనని 2015లో ప్రకటించారు. ఎక్కువమంది పాతికేళ్లలోపు మగపిల్లలు. 2018 మేలో వాళ్లను డరమ్‌లోనే మళ్లీ మర్యాదగా పూడ్చిపెట్టారు. వాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. ఓడ ఎక్కినవాళ్లకు ధర ఉంది గనుక ఎక్కడో ఒకచోట పేరు రాశారు. ఎక్కకముందే పోయినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.